నొప్పి మింగిన తలుపులమ్మ

తలుపులమ్మని ఎరుగుదురా మీరు? ఎక్కడ ఎరుగుదుర్లే, మీరెవరూ పుట్టలేదప్పటికి. కాలవగట్టు మీద పెంకుటిల్లు ఆవిడది. మొగుడు పోయాడు, ఒక్కత్తే కూతురు, వరాలని. ఈ తలుపులమ్మ ఎదురుకాళ్ళతో పుట్టిందంట. అందరికీ తల ముందొచ్చుద్ది కదా, ఈవిడకి కాళ్ళు ముందొచ్చినియ్యంట. అలా పుట్టినోళ్ళు కాలితో తన్నితే పట్టేసిన నడుం ఒదిలిపోద్దని మనోళ్ళ నమ్మకం కదా, ఇంకేముంది, చుట్టుపక్కల ఎవరికి నడుం పట్టేసినా ఆవిడ గుమ్మంలోకే. గడపకడ్డంగా బోర్లా పడుకునేవోళ్ళు, ఆవిడ ఎడంకాలితో తన్నేది, వాళ్ళు లేచి ఎల్లిపోయేవోళ్ళు. డబ్బులు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే కాలికున్న మహిమ పోద్దంట. అందుకని ఏదో ఒక తీపి పట్టుకెల్లేవోళ్ళు. బూరెలనుకో, సున్నుండలనుకో, లేనోళ్ళు బెల్లంముక్క. అది ఆవిడ వాళ్ళ కళ్ళముందే తినాలి. ఎందుకూ? ఆవిడ మింగితే ఆ నొప్పి ఆవిడ కడుపులోకెల్లి అరిగిపోద్దంట. మింగలేదనుకో, నొప్పి మళ్ళీ తిరిగొచ్చేస్తదంట. చూశారా, ఎంత మంచోళ్ళో మనోళ్ళు! నొప్పి మాది, అరిగించుకోవడం నీ వంతు అన్నట్టు.

తింది. తినక ఏం చేస్తది పాపం. ఊడ్పులప్పుడు తింది, కోతలప్పుడు తింది, ఏళ్ళ తరబడి తింది. గుమ్మంలోంచి పక్కకి తిరిగితే గానీ పట్టనంత లావైపోయింది. ఆ బరువుకి నడుం అరగడం మొదలెట్టింది. పొద్దున్న లేస్తే నడుం కర్రలాగా బిగుసుకుపోయేది, మంచం కోడు పట్టుకుని ఏడుస్తా లేచేదంట. ఊరందరి నడుం తన్నింది, మరి ఈవిడ నడుం ఎవరు తంతారు? ఎదురుకాళ్ళోళ్ళు ఇంకోళ్ళు లేరు. అలాంటప్పుడు ఏమైందంటే, ఏళ్ళూ పూళ్ళూ కడుపు పండని వరాలు నీళ్ళోసుకుంది. అమ్మా నీ దగ్గరే పురుడు అని ఒచ్చేసింది. ఇంక చూస్కో తలుపులమ్మ సంబరం! కానీ లోపల ఒకటే దిగులు. పసిపిల్లకి నీళ్ళు పొయ్యాలంటే పీట మీద కూర్చోవాలి, కాళ్ళు బారజాపాలి, పిల్లని ఆ కాళ్ళ మీద బోర్లా ఏసుకుని ఒంగి పొయ్యాలి. ఈ నడుంతో ఒంగేదెలాగ? వరాలికి పోసిన చేతులే ఇవి, దాని బిడ్డకి పొయ్యకుండా పోతానా అని రాత్రీపగలూ అదే మాట.

ఎముకలు సరిచేసే గవర్రాజని ఒకడుండేవాడు. వాణ్ణి పిలిపించింది. వాడు ఎన్నుపూస మీద బొటనేళ్ళు పెట్టి పైనించి కిందదాకా నొక్కుకుంటా ఒచ్చాడు. అక్కడక్కడా టక్కుమంది. అప్పుడన్నాడంట, అత్తా, ఇది పట్టేసిన నడుం కాదు, అరిగిపోయిన నడుం. అరిగింది నేను మళ్ళీ తేలేను. నేను నొక్కితే కొంచెం ఒదులవుద్ది, మిగతాది నీ చేతిలో ఉంది. ఒళ్ళు తగ్గించు. పొద్దున్నే గట్టు మీద నడువు. ఎల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెలకి లాక్కో. ఆ తీపి ముట్టుకోకు. ఈవిడేమో, తీపి మానేస్తే ఎలారా, జనం నడుం ఏమైపోద్దీ అంది. నీ నడుం ఏమైపోద్దో అది చూసుకో అన్నాడు వాడు.

చేసిందర్రా. నిజంగా చేసింది. గంజీ ఆకుకూరా తిని, తెల్లారకముందే గట్టు మీద నడిచేది. నవ్వినోళ్ళు నవ్వారు. గవర్రాజు ఒచ్చి నొక్కి ఎల్లేవాడు. నడుం అలా అలా ఒదులయ్యింది, జాకెట్లు ఒదులయ్యినియ్యి. ఒకరోజు వరాలు పెరట్లోకెల్లి చూస్తే ఏముంది, వాళ్ళమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు జాపి, వాటి మీద బూడిదగుమ్మడికాయ పెట్టుకుని చెంబుతో నీళ్ళు పోస్తందంట! ఏంటమ్మా ఇదీ అంటే, ఒంగగలుగుతున్నానే వరాలూ, ఒంగగలుగుతున్నాను, చూడూ అని మళ్ళీ మళ్ళీ ఒంగి చూపించిందంట. తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వి నవ్వి ఏడ్చారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగదు కదా. ఊడ్పులొచ్చినియ్యి. బుల్లెబ్బాయని ఒక రైతు, నడుం పట్టేసి ఇద్దరి భుజాల మీద ఏలాడుకుంటా ఒచ్చాడు. పెళ్ళాం సున్నుండలు తెచ్చింది. తలుపులమ్మ తన్నింది, ఉండ నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని కొంగులో దాచేసింది. ఆ పెళ్ళాం కళ్ళు మామూలు కళ్ళా! చూసేసింది. మర్నాడు చేలో బుల్లెబ్బాయి నడుం మళ్ళీ పట్టేసింది. ఇంక ఊరంతా ఒకటే గోల. మింగలేదంట, నొప్పిని బయటికి ఒదిలేసిందంట, అది ఊరి మీద పడిందంట. ఊడ్పుల్లో ఎవడి నడుం నొప్పెట్టదర్రా? చెప్పండి! ఎవరి నడుం నొప్పెట్టినా తలుపులమ్మే చేసిందన్నారు. గిన్నెలు పట్టుకుని గుమ్మం ముందుకొచ్చేశారు. తినను, నన్నొదిలెయ్యండి తల్లీ, నా నడుం ఇప్పుడిప్పుడే నిలబడతంది అని దండాలెట్టింది. అప్పుడు బుల్లెబ్బాయి పెళ్ళాం ఒక మాటంది, సరే అత్తా తినకు, కానీ ఒదిలేసిన నొప్పులు ఎటెల్తాయో ఎవరికి తెలుసు, ఇంట్లో చూలాలిని పెట్టుకున్నావు కదా అంది.

చచ్చినంత పనైంది ఆ మాటకి తలుపులమ్మకి. వరాలు లోపల్నించి, అమ్మా ఒద్దమ్మా, తినకమ్మా అని అరుస్తానే ఉంది. ఇనలేదు. గడప మీద చతికిలబడి ఒక్కో గిన్నే లాక్కుని తింది. ఏడుస్తా తింది. పాత నొప్పులకని కూడా తెచ్చారంట, ఏడాది కిందటి వాటికి కూడాను. ఆ రోజు నించి మళ్ళీ మొదలు. భయం పట్టుకుంది కదా, ఎవరేం తెచ్చినా ఒదల్లేదు. నడక మానేసింది. పురుడు దగ్గరపడేసరికి మంచం దిగలేకపోయింది. గవర్రాజొచ్చి నడుం మీద చెయ్యేశాడు, తీసేశాడు, ఎల్లిపోయాడు.

వరాలికి నొప్పులొచ్చినియ్యి. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని సూరమ్మ గదిలోంచి బయటికొచ్చి, ఒసేయ్ తలుపులమ్మా, అచ్చం నువ్వేనే, కాళ్ళే ముందొచ్చినియ్యే అని ఎలుగెత్తి అరిచింది. తలుపులమ్మ మంచం మీద నించి చేతులు జోడించి, ఒద్దే సూరమ్మా, నీకు పుణ్యముంటది, తలే ముందొచ్చిందని చెప్పవే అందంట. ఎక్కడ? ఈదంతా అప్పటికే తెలిసిపోయింది. ఊళ్ళో పండగనుకో. పిల్లకి నీళ్ళు సూరమ్మే పోసింది. నీళ్ళు పడగానే పిల్ల కేరుమంటంటే, గోడకివతల మంచం మీద ఈవిడ గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పురిటిస్నానం అవ్వకుండానే బుల్లెబ్బాయి ఒచ్చి బోర్లా పడుకున్నాడు. పసిదాని కాలు ఎత్తి ఆనించుకోవడం, పళ్ళు లేవు కదా, బెల్లంనీళ్ళు దాని నాలిక్కి రాసెయ్యడం! వరాలు కూడా ఆశ చావక, దాని కాలు తెచ్చి తల్లి నడుం మీద పెట్టిందంట. ఏమన్నా తెలుస్తందా అమ్మా అందంట. మెత్తగా ఉందే, ఇంకేం తెలవట్లేదు, దాని నోటికి మాత్రం ఏం పెట్టకే తల్లీ అందంట తలుపులమ్మ. ఆ మంచం మీదే పోయింది.

ఆ పిల్లే ఇప్పుడు గట్టు మీదింట్లో ఉన్నావిడ. పక్కకి తిరిగితే గానీ గుమ్మంలో పట్టదు. సరే లేవండింక, పొద్దోయింది. ఏమ్మా నాగరత్తం, అటేపు ఎల్తన్నావేంటి, మీ ఇల్లు ఇటు కదా? మీ ఆయనకి పొద్దున్న నడుం పట్టేసిందన్నావు. కొంగు కింద ఆ గిన్నేంటే?