కాలవగట్టు సూసన్లు

అయోవాలో జూలై చివర, ఉదయం. మొక్కజొన్న చేల మధ్య కంకర రోడ్డు, పక్కనే కాలవగట్టు. గట్టు మీద గడ్డిలో వంగి ఉంది ఆర్డిస్. రోడ్డు మీద కారు ఆపింది ఆమె ఆడపడుచు వెర్లా.

"వదినా! ఆ గడ్డిలో కనపడేది నీ వీపేనా, ఎవరి ఆవైనా కంచె దాటొచ్చిందా?"

"వెర్లా... నువ్వా! అమ్మ బాబోయ్, గుండె ఆగినంత పనైంది. ఏం లేదు, చెవిపోగు పడిపోయింది. వెతుకుతున్నా."

"రెండు చెవులకీ ఉన్నాయిగా."

"ఇవి వేరేవి."

"ఓహో. చెవిపోగు వెతకడానికి కత్తెర కూడా తెచ్చుకున్నావన్నమాట."

"గడ్డి అడ్డమొస్తోందని..."

"మరి వెనక దాస్తున్న ఆ పసుప్పచ్చవేంటి? ఇటు తిరుగు. తిరగవమ్మా. హవ్వ! నల్లకళ్ళ సూసన్లు! పదింటికి కౌంటీ సంతలో పూల పోటీ పెట్టుకుని, కాలవగట్టు సూసన్లు కోస్తున్నావా వదినా?"

"అరవకు! చేలో ఎవరైనా ఉంటే?"

"ఉంటే వాళ్ళూ చూస్తారు. ఇంటిముందు మడి నిండా తోట సూసన్లు పెట్టుకుని ఇదేం ఖర్మ నీకు?"

"మీ అన్నయ్య కోసేశాడు."

"పూలా?"

"పూలూ, మొక్కలూ, నా కొంపా! నిన్న రేడియోలో బేస్‌బాల్ వింటూ గడ్డికోసే బండెక్కాడు. ఎవడో బంతిని ఎక్కడికో కొట్టాడట. ఆ సంబరంలో బండి తిప్పడం మర్చిపోయి మడిలోంచి నేరుగా పోయాడు. నేను బయటికొచ్చేసరికి మిగిలింది నీళ్ళ పైపు. అదీ రెండు ముక్కలు."

"మెర్ల్ అన్నయ్య చిన్నప్పట్నుంచీ అంతే. ఇంతకీ గెలిచారా?"

"ఎవరు?"

"బేస్‌బాల్‌లో."

"వెర్లా! నాకు ఏడుపొస్తుంటే నీకు నవ్వులాటగా ఉందా? ఇవాళ మొదటి బహుమతి రిబ్బన్ రాకపోతే అత్తగారి జగ్గు చర్చి వంటింటికి పోతుంది."

"పోతుంది మరి. అమ్మ మాట అమ్మ మాటే."

"ఆవిడ మాత్రం, పోయేముందు అంత మెలిక పెట్టాలా? మనిద్దర్లో సూసన్లకి నీలం రిబ్బన్ ఎవరు తెస్తే జగ్గు ఆ ఏడాది వాళ్ళింట్లోనట. ఇద్దరికీ రాకపోతే చర్చికట. ఆ చర్చి ఆడవాళ్ళ చేతిలో పడితే నెల తిరక్కుండా పిడి విరగ్గొట్టరూ?"

"సగమే చెప్పావు. విత్తనం చల్లిన చెయ్యి ఎవరిదో వాళ్ళే పోటీలో పెట్టాలంది. కొన్నవి కుదరవు, అడుక్కొచ్చినవి కుదరవు."

"కాలవగట్టు మాట ఆవిడ అన్లేదు."

"కోడలు ఇంతకి దిగుతుందని పాపం ఆవిడకేం తెలుసు?"

"సరే, తప్పే. ఒప్పుకున్నా. నువ్వు చూళ్ళేదు, నేను కొయ్యలేదు. నీకేం కావాలో అడుగు. నా దోసకాయ ఊరగాయ ఎలా పెడతానో చెప్పమని ఎప్పట్నుంచో..."

"నీ ఊరగాయ నాకొద్దు. అది తిన్న రోజు పాస్టరుగారు ప్రార్థన మధ్యలో లేచి పరిగెత్తారు."

"ఆయనకి ముందునుంచే కడుపు బాలేదు! పోనీ ఇంకేం కావాలి?"

"జగ్గు."

"ఆ ఒక్కటీ అడక్కు."

"వేసవిలో అమ్మ అందులోనే నిమ్మరసం కలిపేది వదినా. నేను కుర్చీ ఎక్కి గరిటె తిప్పేదాన్ని. చేతులంతా జిగటగా ఉండేవి. నువ్వింకా మా ఇంటికి రాలేదప్పటికి. నాకు అమ్మ గుర్తొస్తే ముందు ఆ నీలం పింగాణీయే కళ్ళలో మెదుల్తుంది. అది పోయి పోయి మీ ఫ్రిజ్ నెత్తికెక్కి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ముట్టుకోనిచ్చావా?"

"అంటే... పింగాణీ కదా. జారిపోతే?"

"నేనేం పసిపిల్లనా జార్చెయ్యడానికి?"

"అయినా నువ్వు గెలిస్తే ఇవ్వనన్నానా? ప్రతి క్రిస్మస్‌కీ నా తోట సూసన్ గింజలు పొట్లం కట్టి, పొట్లం మీద పువ్వు బొమ్మేసి మరీ ఇచ్చానే! ఏ ఏడాదైనా ఒక్క మొక్క మొలిపించావా?"

"మా మట్టి మంచిది కాదు."

"పాపం మట్టి మంచిది కాదంటోందని బస్తాడు పేడ ఎరువు కూడా పంపాను."

"దాంతో టమాటాలు విరగకాశాయి."

"టమాటాలు విరగకాసే మట్టిలో సూసన్లు రావా? కంకరలో కూడా వస్తాయే అవి!"

"వాటి ఇష్టం. నాకు ఆలస్యమవుతోంది, నే వెళ్తా."

"ఆగు. ఈ పువ్వు చూడు."

"చూశా. పువ్వు."

"రేకుల మొదట్లో ఈ ఎర్ర పట్టీ ఏంటి?"

"ఎండకి మాడుంటుంది."

"ఎండకి మాడితే చుట్టూ గీత గీసినట్టు మాడుతుందా? ఇదిగో, ఇది చూడు, ముద్దపువ్వు! కాలవగట్టు సూసన్ ముద్దగా పూయడం ఎక్కడైనా చూశావా? ఒంటిరేకు, పసుపు, మధ్యలో నల్ల గుండీ. దానికి తెలిసిన సోకు అంతే. ఈ ఎర్ర పట్టీ నా మడిలో తప్ప ఈ కౌంటీలో ఎవరి దగ్గరా లేదు."

"గాలికొచ్చుంటాయి."

"మా ఇంటి నుంచి ఇక్కడికా?"

"పిట్టలు..."

"పిట్టలు సరిగ్గా మా ఇంటి నుంచి మీ ఇంటికెళ్ళే దారే చూసుకున్నాయా? ఉండు, ఉండు. క్రిస్మస్ భోజనం అయ్యాక, బయట మంచు కురుస్తుంటే నువ్వు కారు అద్దం దించుకుని బయల్దేరతావు. ఎందుకే అని మెర్ల్ అడిగితే, ఈ వయసులో ఒంట్లోంచి సెగలొస్తున్నాయన్నావు!"

"నిజంగానే వచ్చేవి."

"ఈ మలుపు దాకానా? వెర్లా! నా గింజలు కారులోంచి విసిరేశావా? నేను బొమ్మేసిన పొట్లాలు!"

"పొట్లాలు విసరలేదు. అవి దాచాను. బొమ్మలు బాగుంటాయి."

"ఓరి దేవుడా, ఇన్నేళ్ళూ నీ మట్టి కోసం ప్రార్థన చేశానే! అయితే విను. ఇవి నా గింజలు, నా పూలు. నేను దొంగని కాదు. తలెత్తుకుని కోసుకుంటా, తలెత్తుకుని పోటీలో పెడతా. నువ్వే తల దించుకోవాలి. అవునూ, ఇంత పొద్దున్నే నువ్వీ దారినెందుకొచ్చావు?"

"గుడ్లివ్వడానికి వెళ్తున్నా."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

"సీటు మీద బకెట్టుంది. అందులో నీళ్ళున్నాయి. గుడ్లకి ఈత నేర్పిస్తున్నావా?"

"సరే వదినా, చెప్తా విను. మొదటిసారి కోపంతోనే విసిరాను. జగ్గు నీ దగ్గరుంచుకుని, గింజలు నాకు దానం చేస్తావా అని ఒళ్ళు మండింది. ఆ పైయేడు ఎండాకాలం ఇటు వస్తుంటే ఈ గట్టంతా పూసింది. ఎక్కువ మామూలు పసుపువే. మధ్యమధ్యలో నీ ఎర్ర పట్టీవి. కారాపి ఇక్కడే కూర్చుని ఏడ్చాను. అమ్మ చూస్తే ఎంత సంబరపడేదో అని. ఆ తర్వాత ఎప్పుడూ విసరలేదు. కారు దిగి, మంచు మీద చల్లి, బూటుతో తొక్కి వెళ్ళేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే, నీ పూలేనని పట్టుకెళ్తావని. ఇప్పుడు పట్టుకెళ్ళట్లా?"

"గింజలు నావి కాబట్టి..."

"నీవే. కాదన్నానా? అమ్మ గింజ ఎవరిదని అడగలేదు వదినా, చల్లిన చెయ్యి ఎవరిదని అడిగింది. ఈ ఏడాది ముద్దపువ్వు కూడా వచ్చిందని బకెట్టుతో సహా వచ్చాను. వచ్చి చూస్తే నా మడిలో నువ్వు!"

"నీ మడి!"

"చెప్పు మరి. దొంగతనంగా ఎవరి పూలు కోస్తున్నావు?"

"ఇంద, కత్తెర పట్టు. మొద్దుగా ఉంది, నెమ్మదిగా కొయ్యి. ముద్దపువ్వు ముందుకి పెట్టు, జడ్జీల కళ్ళు దానిమీదే పడతాయి. వీటికి రిబ్బన్ రాకపోతే నేను పేరు మార్చుకుంటా."

"వదినా... నిజంగానా? కోపం లేదా?"

"ఉంది. క్రిస్మస్‌కి చెప్తాను. మలుపు అవతల ఎవరికీ కనపడకుండా కారాపాను, జగ్గు దాని వెనక సీట్లో ఉంది, పూలు అందులోనే పెట్టి తీసుకెళ్దామని తెచ్చా. వెళ్ళి తీసుకో."

"ముట్టుకోనా?"

"ముట్టుకో. కానీ కింద చెయ్యి పెట్టి ఎత్తు. పిడి పట్టుకున్నావంటే ఊడి చేతికొస్తుంది. అది నా చేతిలో విరిగి చాలా ఏళ్ళయింది, జిగురుతో అంటించి ఫ్రిజ్ నెత్తికెక్కించాను. నిన్ను ఇన్నేళ్ళూ దాని దగ్గరికి రానివ్వనిది అందుకే!"