మావయ్య ఒంట్లోంచి వెళ్ళిన పెళ్ళి

మూడు వారాలుగా జెరూషా అడుగుతున్నది ఒకటే ప్రశ్న. అది ప్లే అవుతోందా, లేదా? ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పాల్సిన జవాబుకి వాళ్ళ సువర్ణరాజు మావయ్య ఇచ్చిన ఉపన్యాసాలు లెక్కేస్తే, రెడ్డిగూడెం హైస్కూల్లో జెరూషా ఏడాదంతా చెప్పిన లెక్కల పాఠాలు కూడా అన్ని గంటలు కావు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి అమ్మ సవరమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక. అమ్మ పోయి ఏడాదైంది. ఫోన్లో ఫొటోలు వందలున్నాయి గానీ ఆవిడ గొంతు మాత్రం ఎక్కడా లేదు, ఒక్క పెళ్ళి వీడియోలో తప్ప. పన్నెండేళ్ళ కిందట జెరూషా పెళ్ళికి ఫొటోగ్రాఫరు గొప్పగా బ్లూరే డిస్కు ఇచ్చాడు. దాన్ని ఆడించే మిషను ఇప్పుడు చాట్రాయి చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. భోజనాల దగ్గర వీడియో అతను పెద్దవాళ్ళందర్నీ దీవెన చెప్పమని అడిగాడనీ, అమ్మ ఏదో చెప్పిందనీ జెరూషాకి గుర్తు. ఏం చెప్పిందో మాత్రం గుర్తు లేదు. పెళ్ళైన కొత్తలో సిగ్గుపడుతూ ఒక్కసారి చూసింది. అప్పుడు అమ్మ పక్కనే కూర్చునుంది కదా, పక్కనున్న అమ్మ మాటలు ఎవరు వింటారు?

ఆ డిస్కుని కంప్యూటర్లో పెట్టి, వీడియోని సర్వరు పెట్టెలోకి ఎక్కించి, ఇంట్లో ఏ టీవీలో కావాలంటే ఆ టీవీలో వచ్చేలా చేస్తానని మావయ్య పట్టుకుపోయాడు. ఎక్కించాడు కూడా. ఎక్కించిన రోజే డిస్కు చదివే డ్రైవు కాస్తా పాడైపోయింది. ఇక దిక్కు ఆ పెట్టె ఒక్కటే. దాన్ని నమ్ముకుంటే బొమ్మ రావడమూ, నాలుగు నిమిషాలకి ఆగిపోయి తెర మధ్య చక్రం తిరగడమూ. ముందుకి జరిపినా అంతే, వెనక్కి జరిపినా అంతే. నిన్నటి నుంచీ మాత్రం "అంతా సెట్ చేసేశానమ్మా" అంటున్నాడు. పెట్టి చూపించమంటే చూపించడు.

పక్క మామిడితోట వెంకటకృష్ణారావు గారు కూడికకి కుర్చీలు పంపించి, తనూ వచ్చి మావయ్య ఇంటి వరండాలో కాఫీ తాగుతూ, "ఏమయ్యా రాజూ, బొమ్మ వస్తోందా?" అన్నారు. అడక్కూడని మనిషిని అడక్కూడని మాట అడిగారాయన.

"వస్తోందా అని మెల్లిగా అంటారేంటండీ! నేనేం పెద్ద పని చెయ్యలేదు లెండి. ఒక వైరు మార్చానంతే. గాల్లో వచ్చే వైఫై ఉంది చూశారూ, ఈ కాలంలో అది మన వైపు పనికిరాదండీ. చెట్లు కాపు మీదున్నాయా, కొమ్మలు వంగిపోయి సిగ్నలుకి అడ్డం పడతాయి. ఫోన్లో వచ్చే చిన్నాచితకా బొమ్మలైతే ఆకుల సందుల్లోంచి దూరి వచ్చేస్తాయి. బ్లూరే అంటే లారీ లోడండీ, ఎలా దూరుతుంది? సరే, భూమిలోంచి తెద్దామని పెట్టె ఉన్న గదిలోంచి హాల్లోకి గాడి తవ్వేశాను. ముప్ఫై అడుగులు. గంటలో."

"ఆ గాడి పోయినేడు మోటారు పైపు కోసం కూలి సవరయ్య తవ్వాడు," అంది కృపావతి అత్త, గుమ్మంలో కూర్చుని రసాల మామిడికాయలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడుస్తూ.

"సవరయ్య మొదలెట్టాడు, నేను లోతు చేశాను. ఏదైతేనేం..."

"మావయ్యా, నాలుగున్నరైంది," అంది జెరూషా. "ప్లే అవుతోందా?"

"అక్కడికే వస్తున్నానమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? వైరు జానెడు తక్కువొచ్చింది. ఆదివారం, నూజివీడులో కొట్లు మూసేశారు. ఇటో కొస, అటో కొస, మధ్యలో జానెడు ఖాళీ. ఎవరైనా అయితే సోమవారం దాకా ఆగుతారు. నేనాగుతానా? ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకుని మధ్యలో నేనే నిలబడ్డాను."

"నువ్వా?" వెంకటకృష్ణారావు గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"నేనేనండీ! మూడు గంటల పెళ్ళి మొత్తం నా ఒంట్లోంచి వెళ్ళింది. ముందు పెళ్ళికొడుకు కారొచ్చింది. మోచెయ్యి దగ్గర మలుపు తిరగలేక ఆగిపోతే, నేను చెయ్యి సాపుగా చాపేసరికి జర్రున పోయింది. బ్యాండు మేళం గుండెల్లోంచి వెళ్తుంటే గుండె కూడా అదే దరువు. ఇక భోజనాల దగ్గరికొచ్చేసరికి... నమ్మరు గానీ, నాకు కడుపు నిండిపోయిందండీ! బిర్యానీ త్రేన్పులు! మూడు రోజులు ఈవిడ అన్నం పెడితే ముట్టలేదు, అడగండి కావాలంటే."

"ఆ మూడు రోజులూ నేను చింతలపూడిలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఎవరు పెట్టారో, ఎవరు ముట్టలేదో," అంది అత్త తలెత్తకుండా.

వెంకటకృష్ణారావు గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. జెరూషాకి ఒళ్ళు మండిపోతోంది. ఇంకో గంటన్నరలో అరవై మంది వస్తారు. అమ్మ మాట వినిపిస్తానని తనే అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. ఈయన చూస్తే బిర్యానీ త్రేన్పుల్లో ఉన్నాడు.

"చింతలపూడంటే గుర్తొచ్చింది," మావయ్య మళ్ళీ ఎత్తుకున్నాడు. "అంత పెళ్ళి నా ఒక్కడి ఒంట్లో పడుతుందా? పట్టని పెళ్ళి అరికాళ్ళలోంచి భూమిలోకి దిగిపోయింది. బోరు పైపుల వెంబడే పోయి ఊళ్ళ మీద పడింది. రెడ్డిగూడెంలో సీరియల్ చూస్తున్న ఆడవాళ్ళు, ఈ కొత్త పెళ్ళికూతురెవరే అని ముక్కు మీద వేలేసుకున్నారట. చింతలపూడిలో ఒక పెద్దాయనైతే, అయ్యో నన్ను పిలిచారు మర్చేపోయానని, పంచె మార్చుకుని బస్సెక్కేశాడండీ! బస్టాండుకి నేనే ఎదురెళ్ళి, అయ్యా, పెళ్ళై పన్నెండేళ్ళైంది, వాళ్ళ పాప ఐదో క్లాసని నచ్చజెప్పి తిప్పి పంపాను."

"మావయ్యా!"

"ఆగమ్మా, అసలుదిప్పుడే వస్తోంది. ఆఖర్న మా అక్క పాటుంది చూశారూ! స్టేజీ ఎక్కి, మైకు తీసుకుని అక్క కీర్తన ఎత్తుకుంది. ఆ సౌండు నాలోంచే పోవాలి కదా, నా నోట్లోంచి అచ్చంగా అక్క గొంతే వచ్చిందండీ! తోటలో పండిన కాయలన్నీ దబదబా రాలిపోయాయి. పచ్చికాయ ఒక్కటీ రాల్లేదు. మా అక్క పాటంటే అదీ..."

"అమ్మ పాడలేదు."

మావయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"వంటవాళ్ళ మీదా టెంటువాళ్ళ మీదా కేకలేసి కేకలేసి పెళ్ళినాటికి అమ్మ గొంతు బొంగురుపోయింది. పాట పాడింది పాస్టరమ్మ గారు. నువ్వు వంటల దగ్గరున్నావు, నీకు తెలీదు. వీడియో చూసుంటే తెలిసేది." జెరూషా మావయ్య ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు ఒక్కసారి కూడా అక్కడిదాకా చూళ్ళేదు కదూ?"

వెంకటకృష్ణారావు గారి నవ్వు ఆగిపోయింది.

"నాలుగు నిమిషాలేనమ్మా," అన్నాడు మావయ్య నేల చూపులు చూస్తూ. "అంతకు మించి రావట్లేదు. ఇరవై రోజులుగా రోజూ పెడుతున్నాను. రాలేదని నీకెలా చెప్పను? అక్క గొంతు వినాలని నాకు మాత్రం ఉండదా?"

కోపం పోలేదు గానీ, దాన్ని ఎవరి మీద చూపించాలో జెరూషాకి తెలియకుండా పోయింది. "ఆ ముక్క మొదటి రోజే చెబితే ఏం పోయేది! ఆ పెట్టెక్కడ?"

కాయలు మాగేసిన గదిలో ఉంది. తలుపు తీసేసరికి ఆవిరి మొహాన కొట్టింది. కిటికీలు మూసి, గోడ పొడుగునా వరిగడ్డి పరిచి రసాలు మాగేశారు. ఆ గడ్డి మధ్యలో, గోనెసంచి కప్పుకుని సర్వరు పెట్టె. జెరూషా సంచి లాగి చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది.

"ఇక్కడెందుకు పెట్టావ్?"

"ఇన్వర్టరు ప్లగ్గు ఈ గదిలోనే ఉందమ్మా."

"ఈ సంచేంటి?"

"బల్లి దూరకుండా."

"ఓరి నీ తెలివి తగలెయ్యా," అన్నారు వెనకే వచ్చిన వెంకటకృష్ణారావు గారు. "గాలాడకుండా కాయలతోపాటు దాన్నీ మాగేశావు కదయ్యా! వేడెక్కిపోయి ఆగిపోక ఏం చేస్తుంది?"

పెట్టెని హాల్లోకి తెచ్చి, టీవీ పక్కన బల్ల మీద పెట్టి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పారు. అరగంట చల్లారనిచ్చారు. మళ్ళీ పెడితే నాలుగు నిమిషాలు దాటాయి. పదీ దాటాయి. చక్రం రాలేదు. జెరూషా రిమోట్ తీసుకుని భోజనాల దగ్గరికి జరిపింది.

ఆకుపచ్చ పట్టుచీరలో అమ్మ. "అమ్మాయికి దీవెన చెప్పండమ్మా," అన్నాడు కనపడకుండా వీడియో అతను. అమ్మ చీర కొంగు సర్దుకుని, కెమెరా వైపు చూసి నోరు తెరిచింది. జెరూషా సౌండు పెంచింది. అంతలో అమ్మ చూపు పక్కకి పోయింది. అక్కడ, జుట్టింకా నల్లగా ఉన్న సువర్ణరాజు నలుగుర్ని పోగేసుకుని, రెండు చేతులూ బార్లా చాపి ఏదో చాలా పెద్దదాన్ని చూపిస్తున్నాడు.

"ఒరే సువర్ణా!" బొంగురు గొంతు హాలంతా నిండింది. "ఆ కోతలు తర్వాత కోద్దువు గానీ, ముందా కూర బకెట్టు తేరా! జనం చేతులెండబెట్టుకుని కూర్చున్నారు!" తర్వాత కెమెరా వైపు తిరిగి, "దీవెనకేం తొందర నాయనా, ఇంటికెళ్ళాక తీరిగ్గా ఇస్తాలే," అని భోజనాల బంతివైపు వెళ్ళిపోయింది.

అంతే. దీవెన లేదు. జెరూషాకి నవ్వొస్తోంది, కన్నీళ్ళు కారిపోతున్నాయి. ఏడాదిగా ఇల్లంతా వెతుక్కున్న మనిషి ఇదే, ఇలాగే ఉండేది.

పక్కన కుర్చీ కిర్రుమంది. మావయ్య లేచి నిలబడ్డాడు.

"తెస్తున్నానక్కా," అన్నాడు.