పిచ్చాసుపత్రి వ్యానులో ముందు సీటు

అక్షరం అక్షరం నిజం మీనాక్షీ! ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే మా నూకాలమ్మ తల్లి మీద ఒట్టు. ఆవిడ పేరే కదా నాకు పెట్టారు, ఆ పేరు వెనక్కి లాగేసుకోమను. నేను ఎవర్నీ కరవలేదు! కరవాలంటే ముందు నోట్లో పళ్ళుండాలి కదా?

రా, లోపలికి రా. ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట. పారిపోవడానికి వీలుగా ఉంటుందనేటి? ఆ బత్తాయిలు ఇలా ఇయ్యి. కోసుకు తిందామా? చాకు వంటింట్లో ఉంది. నేను తేనులే, నువ్వే వెళ్ళి తెచ్చుకో. నా చేతిలో చాకు చూస్తే నీ గుండె అక్కడే ఆగిపోయేటట్టుంది.

నిన్న సాయంత్రం నేను రిక్షా దిగిన దగ్గర్నుంచి చూస్తున్నాను. భిలాయి భిలాయంతా మా క్వార్టరుకే! గురుమూర్తిగారు కొత్తగా టీవీ కొన్నప్పుడు కూడా వాళ్ళింటికి ఇంత జనం పోలేదు. వాళ్ళావిడ బెల్లం అరువు వంకతో వచ్చింది. వచ్చి, "పిన్నిగారూ, ఇవాళ ఏ వారమో చెప్పండి చూద్దాం," అంది. బుధవారమని తెలిసీ ఆదివారమన్నాను. ఎంత సంతోషించిందో పాపం! వాళ్ళబ్బాయి మెట్రిక్ పాసైన రోజున కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

సత్యలక్ష్మి అయితే కిటికీ బయట నుంచే. "ఎలా ఉన్నారూ?" అని కేకలు! పిచ్చికీ చెవుడికీ ఏటి సంబంధమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కూర్చున్నావా? మంచిపని చేశావు. ఇప్పుడు తలుపు దగ్గరగా వేస్తాను. అలా అదిరిపడకు! నీకొక మాట చెప్పాలి.

ఆ ఆసుపత్రిలో చేరింది నేను కాదు మీనాక్షీ. కుసుమ.

ఏటలా చూస్తావు? అవును, మా కోడలు కుసుమే. మీరంతా నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్న కుసుమే. "పిచ్చెక్కిన అత్త కోసం చంటిపిల్లని చంకనేసుకుని ఆసుపత్రిలో పడుంది, కోడలంటే అదీ!" అని మీ మరదలికి నువ్వు పాఠాలు చెప్పావట కదా. ఆ మరదలే చెప్పింది నాకు. పళ్ళు నూరుకుంటూ చెప్పింది.

మరి ఆ రోజు నేను చేసిన గోలేటంటావా? ఉండు, అక్కడికే వస్తున్నాను.

పాప పుట్టాక కుసుమ ఎలా అయిపోయిందో నువ్వూ చూశావు. తల దువ్వుకోదు. తినమంటే తింటుంది, లేకపోతే లేదు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. మన వీధిలో డాక్టర్లకేం తక్కువ! దిష్టి అన్నావు నువ్వు. ఆడపిల్ల పుట్టిందని బెంగ అంది గురుమూర్తిగారి భార్య. సత్యలక్ష్మేమో, అత్త పోరు అంది. నా ఎదురుగా, నా టీ తాగుతూ, నా బిస్కెట్టు ముంచుకుంటూ అంది!

పల్లె నుంచి బైగాని పిలిపించాం. నెమలీకల కట్ట పట్టుకుని వచ్చాడు, మంత్రగాడంటే అలాగే ఉండాలి అన్నట్టు. కుసుమ చుట్టూ మూడు ఊళ్ళ దుమ్ము లేచేదాకా గెంతాడు. గెంతి గెంతి, దెయ్యం కోడిపుంజు అడుగుతోందన్నాడు. వండిపెట్టాం. దెయ్యం ఏం తిందో గానీ, బైగా మాత్రం ఎముకలు కూడా మిగల్చలేదు.

మా ధర్మారావా? వాడు రోలింగు మిల్లులో క్రేను నడుపుతాడు కదా. ఏనుగుల మందంత ఇనుముని దూదిలా ఎత్తి అవతల పెడతాడు. ఇంట్లో పెళ్ళాం తల దించుకు కూర్చుంటే ఆ తల ఎత్తించడం వాడి చేత కాలేదు. డబుల్ డ్యూటీలు వేయించుకున్నాడు. ఇంటికన్నా ఆ కొలిమే చల్లగా ఉందట వాడికి.

ఒకరోజు పొద్దున్న మినప్పప్పు కడుగుతున్నాను. కుసుమ వచ్చి పాపని నా ఒళ్ళో పెట్టింది. "అత్తా, ఈ పిల్ల ఎవరిదో వాళ్ళకిచ్చీండి. నా దగ్గరుంటే చచ్చిపోతాది," అంది.

ఏడవలేదు మీనాక్షీ. పాలవాడు రాలేదని చెప్పినట్టు చెప్పింది.

ఇంకెక్కడైనా నేను కాస్త పోపు ఎక్కువ వేసుంటానేమో. ఇక్కడ మాత్రం వేయలేదు.

నందిని గనుల కాలనీకి ఆ ఆసుపత్రి వ్యాను వారం వారం మందులు తీసుకెళ్తుంది, మన రోడ్డు మీంచే వెళ్తుంది. అట్లకాడ పట్టుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాడు, నేను అట్లకాడ ఊపాను. వాడే ఆగాడు. లోపల్నించి మలయాళీ నర్సమ్మ దిగింది. నన్ను చూసి, "ఎక్కండి మాజీ," అంది, హిందీలో అమ్మా అన్నట్టు. చూశావా, పిచ్చి నాకే అని ఆవిడా అనుకుంది!

ఇంట్లోకి తీసుకొచ్చాను. నర్సమ్మ కుసుమ పక్కన నేల మీద చతికిలబడింది. ఎవరు తల్లీ నువ్వు, ఏటయింది, ఎందుకిలా, అని ఒక్క ప్రశ్న లేదు. పాప గుడ్డలు మడతపెడుతూ కూర్చుంది. అన్నీ మడతపెట్టాక, "ఇది కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బు, తగ్గుతుంది. రేపు వ్యాను పంపిస్తాం, ఇంట్లోవాళ్ళు ఒకరు తోడుండాలి," అని వెళ్ళిపోయింది. ఇన్ని నెలలూ ఇంతమంది పెద్దలు చెప్పలేని మాట. జబ్బు అట. తగ్గుతుందట!

మర్నాడు వ్యాను వచ్చింది. వీధిలో కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ప్లాంటు సైరను మోగినా ఇంత ఠంచనుగా ఎవరూ లేవరు. కుసుమ మెట్టు మీదే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మీ కళ్ళు అన్ని వైపుల నుంచీ దాన్ని పొడుస్తున్నాయి. ఇంకొక్క క్షణమైతే లోపలికి పోయి గడియ పెట్టుకునేదే.

అప్పుడు నాకేం తోచిందో! మేకుకి వేలాడుతున్న ధర్మారావు హెల్మెట్టు తీసి నెత్తిన పెట్టుకున్నాను. జుట్టు విరబోసుకున్నాను. వ్యాను ముందు సీటెక్కి, "పోనీరా ఢిల్లీకి! నేను ఉక్కు మంత్రిని! ప్లాంటు మొత్తానికి రేపు సెలవు!" అని అరిచాను. గురుమూర్తిగారికి సెల్యూట్ కొట్టాను. అలవాటు కాబోలు, ఆయన కూడా కొట్టాడు.

"అయ్యో ముసలావిడకి మతి పోయింది" అని వీధంతా నన్నే చూసింది. వెనక తలుపులోంచి కుసుమ పిల్లనెత్తుకుని నెమ్మదిగా ఎక్కితే, పాపం తోడు వెళ్తోందనుకున్నారు. దాని ముఖం ఒక్కరు కూడా చూడలేదు.

నాకేటి పోతుంది చెప్పు? ఈ వయసులో నాకేమన్నా పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయా? అదే దానికి ఆ పేరొచ్చిందనుకో. ఇక జన్మంతా పప్పులో ఉప్పు ఎక్కువైనా పిచ్చే, తక్కువైనా పిచ్చే. రేపు పాప బడికి పోతే "పాగల్ కీ బేటీ", పిచ్చిదాని కూతురు. మన నాలుకలు నాకు తెలీవేటి? అందులో నాది కూడా ఉంది కదా.

అక్కడ గొలుసులుంటాయా అంటే, ఉన్నాయి తల్లీ. గేటుకి ఒకటి. ఆవులు లోపలికొచ్చి కొత్తిమీర మడులు మేసేస్తున్నాయని కట్టారు. నందిని గనిలో పేలుడు చూసి మాట పడిపోయిన ఒకాయన ఉన్నాడు, కూర్చుని నులకమంచాలు అల్లుతాడు. నేను పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా మాట్లాడేదాన్ని. ఆఖరికి ఆయనకి మాటొచ్చింది. "బస్ కరో మాజీ," ఇక చాలించమన్నాడు! డాక్టర్లంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు నాకు జీతం ఇవ్వాల్సింది.

ఇంకోటి చూశాను అక్కడ. వాన లేదు, ఎండా లేదు, జనం మాత్రం గొడుగులు ముఖం మీదికి దించుకుని వెనక గేటులోంచి వస్తారు. మన సెక్టార్ గొడుగులు నేను గుర్తుపట్టలేననుకున్నారు. నిద్రపట్టనివాళ్ళు, తాగుడు మానలేనివాళ్ళు, ఊరికే ఏడుపొచ్చేవాళ్ళు. ఎవరెవరంటావా? చెప్పను. ముఖమెందుకు అటు తిప్పుకుంటావు? చెప్పనన్నాను కదా! ఇన్నాళ్ళలో నేను దాచుకున్న మాటలు అవే.

బెంగాలీ డాక్టరమ్మ కుసుమకి మందులిచ్చింది. రోజూ దగ్గర కూర్చుని మాట్లాడింది. మొదట్లో ఏ మార్పూ లేదు. నేను మొక్కని దేవుడు లేడు, తిట్టని దేవుడూ లేడు. తర్వాత ఒకరోజు అన్నం తింటూ, "చారులో ఉప్పెక్కువైంది అత్తా," అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు! వార్డంతా మిఠాయి పంచాను. కోడలు వంటకి వంక పెట్టిందని స్వీట్లు పంచిన అత్త ఈ భూమ్మీద నేనొక్కర్తినే.

ఆ తర్వాత పాప ఏడిస్తే తల తిప్పింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. ఇప్పుడు నేను ఎత్తుకుంటే, "తల కింద చెయ్యి సరిగ్గా పెట్టండి," అని నాకే చెప్తోంది.

బత్తాయి తిను. ఎదురుగా పెట్టుకుని చూడ్డానికా తెచ్చావు?

నిన్న డిశ్చార్జి. ధర్మారావు సెలవు పెట్టి వచ్చాడు. మూటలన్నీ రిక్షాలో పెట్టాం, నేనెక్కి కూర్చున్నాను. కుసుమ పాపనెత్తుకుని గేటు దాకా వచ్చింది. ఆ రిక్షావాడు బీడీ పారేసి, "మీలో పాగల్ ఎవరు?" అనడిగాడు. సరదాకే అడిగాడు. నేనే అని చెయ్యెత్తాను. అప్పటికే అది వెనక్కి తిరిగింది. లోపలికి పోయి, అదే మంచం మీద పాపని పక్కన పెట్టుకుని పడుకుంది.

నేను వెళ్ళి కూర్చున్నాను. "నీకేం భయమే, వీధంతా నేనే పిచ్చిదాన్ననుకుంటోంది కదా," అన్నాను. అదేమందో తెలుసా? "మీ మీద ఆ పేరు పెట్టి నేను ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరగలేనత్తా. అలాగని నిజం తెలిస్తే వీధిలో ఎలా తిరగాలో కూడా తెలీడం లేదు," అంది. "ఒక్కరికి నిజం చెప్పండి. తెలిసిన తర్వాత కూడా వాళ్ళు వచ్చి నన్ను తీసుకెళ్తే, వస్తాను," అంది. రాకపోతే? మళ్ళీ మొదటికే పోతుందని డాక్టరమ్మ నాతో విడిగా అంది. ఆ గది గోడ దానికి ఇల్లయిపోతుందట.

ఎవరికి చెప్పమంటావే అంటే నీ పేరు చెప్పింది.

మురిసిపోకు! "మీనాక్షక్కకి చెప్తే ఇంకెవరికీ వేరే చెప్పక్కర్లేదు," అంది. నవ్వుతూ అంది మీనాక్షీ. ఎన్నాళ్ళకి నవ్విందో తెలుసా! నీ నోటి పుణ్యాన. ధర్మారావుని దాని దగ్గరుంచి నేనొక్కదాన్నే వచ్చేశాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, సగంలో ఆపడం నాకు చేతకాదు. మీరంతా నన్ను అనుకున్నది మరీ అబద్ధమేం కాదు. డాక్టరమ్మ ఒకరోజు కుసుమ సంగతంతా రాసుకుని, కలం పక్కన పెట్టి, "మాజీ, మరి మీరెలా ఉన్నారు?" అంది. మా ఆయన పోయాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మాటల పుట్టని కదా నేను, ఒక్క మాట రాలేదు! ఏడిచాను. నందిని గనులన్నీ చెరువులైపోయేంత ఏడిచాను. రాత్రిపూట వేసుకోమని నాకూ ఒక తెల్లమాత్ర రాసింది. హాయిగా నిద్రపడుతోంది. చెప్పుకో, వీధంతా చెప్పుకో! ఇద్దరికీ వైద్యం అయిందని చెప్పుకో.

ఏటి? "నా వల్ల ఏమన్నా సాయం కావాలంటే" అంటున్నావా? ఊరికే మర్యాదకి అన్నా సరే, అనేశావు కదా!

అయితే లే. చెప్పులేసుకో. వెనక గేటు వద్దు, గొడుగూ వద్దు. ముందు గేటులోంచి వెళ్ళు. పాపని నువ్వు ఎత్తుకోకు, దాని చేతిలోనే ఉండనీ. రిక్షాలో దాని పక్కనే కూర్చో, ఎదురుగా కాదు. తిరిగొచ్చేటప్పుడు సెక్టార్ మార్కెట్టు మీదుగా రండి, అందరూ ఉండే వేళ. అక్కడ దిగి అరకిలో దొండకాయలు తీసుకోండి. నువ్వు నోరెత్తకు, బేరం కుసుమని ఆడమను. లేతవి చూసి ఏరమను.