పోస్తివా, తాపితివా

హలో… ఆ, నేనే మామా, హనుమేష్‌ని. డాక్టరును కాను, పశువుల అసిస్టెంటునే. చెప్పు దేవేంద్రప్ప మామా.

…

ఎద్దుకా? ఎడమ డొక్క ఉబ్బిందా?… ఏం మేసింది?

…

టమాటాలా! రేటు లేదని నువ్వు గట్టున పారబోస్తివి, అది కడుపునిండా మేసె. సరే, తిట్టనులే. తిట్టే ఓపిక గూడా లేదు. పొద్దున్నించి ఇది పదకొండో ఫోను. క్యారియరు ఇప్పుడే ఇప్పితి… పర్వాలేదు, చెప్పు.

…

డాక్టరమ్మ మీ తట్టుకే బయలుదేరింది. గంట పడతాది. అంతవరకు మందు నువ్వే తాపల్ల. పోయిన నెల ఇచ్చిన ఉబ్బరం మందు ఉండాదా?

…

ఏమంటివి? ఒక గుక్క పోసేస్తివా? దగ్గుతాందా? — ఆగు మామా! గొట్టం తియ్యి. తల ఎట్ల పెట్టినావు?… దూలానికి తాడేసి ఎత్తి కడితివా! నాలుక గూడా పట్టుకున్నావా? విప్పు. ముందు తాడు విప్పు.

…

అత్త యాడ?… సంతకు పోయిందా. ఒక్కనివే ఉండావు.

…

దగ్గు నిలిచిందా? ఊపిరి బాగా తీస్తాందా?… సరే. ఇంగ విను. పోసేది వేరే, తాపేది వేరే. పోసేది మన పని. తాగేది దాని పని. అది తాగినాంక గదా మనం తాపినట్ల!

…

చదువుకున్నోని మాట కాదు మామా, మా అవ్వ హంపమ్మ మాట. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, మా నాయన గూడా కర్రెద్దుకు ఇట్లనే తల ఎత్తి గొట్టంతో పోసె. మందు ఊపిరితిత్తుల్లోకి పాయె. మూడోనాటికి ఎద్దు పాయె. అవ్వ ఒకటే అనె… 'పోస్తివి గాని తాపలేదు గదరా' అని. తాగు అనే మాటలోంచే తాపు పుట్టిందని నాకు డిగ్రీ తెలుగు పాఠంలో తెలిసె. అవ్వకు అక్షరం రాదు, బిడ్డలకు పాలు తాపిన చేతులకే తెలుసు.

నాయన మళ్లా గొట్టం ముట్టలేదు.

…

భయపడొద్దు. తల నేలకు సమంగా ఉండనీ. నాలుక వదిలెయ్. దవడ పక్క నుంచి నోట్లో కొంచెం పొయ్యి… కొంచెమే. ఇంగ ఊరికే నిలబడు.

…

నిలబడేదే పని మామా.

…

మింగిందో లేదో తెలీలేదా? ఫోను దాని గొంతుకాడ పెట్టు.

—

—

ఆ… గుటక్కుమనె! ఇనపడె మామా.

ఇంగొక గుక్క. తొందర లేదు, ఈడనే ఉండా… ఆ. మళ్లా మింగె.

…

ఏడవొద్దు మామా. ఫోను పెట్టెయ్. తాపేదానికి రెండు చేతులు గావల్ల.