ఆగయ్య సావుకారు కొసరు బంద్ చేసిన కథ

ఆగయ్య సావుకారని ఒకడుండె. మా అవ్వ పుట్టిన ఊర్ల ఉప్పు, నూనె, పప్పు, బెల్లం అమ్మే దుకాణం ఆయనదొక్కటే అంట. మంచోడే. నేను చెడ్డోడని అంటలేను, ముందే చెప్తున్న. తూకంల మోసం లేదు, రాళ్లు కలుపుడు లేదు. కొసరు గూడ మంచిగనే ఇస్తుండె. కొసరంటె ఎరుకే గద మీకు? మానెడు ఉప్పు కొలిచినంక పైనుంచి ఇంత పిడికెడు ఏస్తరు సూడు, అది. నూనె పోసినంక ఇంకో చుక్క. పోరగాండ్లు వస్తె చేతిల బెల్లం ముక్క. తీసుకునేటోడు అడగాలె, ఇచ్చేటోడు "నన్ను ముంచుతున్నరే" అనుకుంట ఇయ్యాలె. అది గూడ బేరంల భాగమే.

ఇగ ఏమైందంటె, ఒకనాడు ఆగయ్య సరుకు తెచ్చుకుందామని పట్నం పోయిండు. ఆడ ఒక పెద్ద సేటు, ఏమోయ్ ఆగయ్యా, నువ్వు ఊరికే పంచే కొసరంత ఒక్కకాడ పోస్తె ఏడాదికి బండెడు సరుకైతది, ఎరుకేనా అన్నడంట. బండెడు! వాపసొస్తుంటె దారిపొంటి అదే యాది. ఇంటికొచ్చి బువ్వ తినలే. పెండ్లాం "ఏమైందయ్యా, దొంగలు గొట్టిండ్రా?" అంటె, "కొట్టిండ్రే. ఊరు ఊరంత కలిసి మా నాయిన కాలంకెల్లి కొడ్తున్నది" అన్నడంట. సూడుండ్రి, ఎంత మాట!

తెల్లారి మొదట వచ్చింది ఒక ముసలవ్వ. మానెడు ఉప్పు కొలిచిండు, పైనున్నది వేలితోని గీకి గోనెల ఏసుకున్నడు. ముసలవ్వ కొంగు పట్టుకొని అట్లనే నిలబడ్డది. "కొసరెయ్యి నాయినా." "కొసరు లేదు." "పరాచికాలాడకు కొడుకా, పొయ్యి మీద కూరున్నది." "లేదంటె లేదవ్వా. మానెడడిగినవ్, మానెడిచ్చిన." నలుగురు జమైండ్రు. అందరు నోర్లు తెరిచి సూస్తున్నరు. గప్పుడు ఆగయ్య అరుగెక్కి చెప్పిండంట, "ఇనుండ్రి. దుకాణం నాది, సరుకు నాది. ధర నచ్చితె కొనుండ్రి, నచ్చకుంటె పోండ్రి, నేనేం మీ మెడ మీద కత్తి పెట్టలే. నా లాభం నేను సూసుకుంట, మీ లాభం మీరు సూసుకోండ్రి. ఎవ్వని పని వాడు సూసుకుంటె ఊరు దానంతల అదే బాగుపడ్తది. ఊరిని సాకేతందుకు నేనేమన్న సత్రం పెట్టిన్నా?" ఏమంటరు? ఏదీ, తప్పు పట్టుండ్రి సూద్దాం! ఊరి పెద్దమనుషులు గూడ పొద్దుగూకేదాక నెత్తి గోక్కున్నరంట. మోసం లేదు, అబద్ధం లేదు, ఏ పంచాయితిల నిలబెడ్తవు వాణ్ణి?

అయితె రోగం ఒక్కనికొచ్చి ఆగుతదా? మంగలి గట్టయ్య ఆగయ్యకు గడ్డం గీసి పొది సర్దుకొని లేసిండు. మెడెనక ఎంటికలు ఎవ్వడు తీస్తడ్రా అంటె, "గడ్డమన్నవ్, గడ్డం గీసిన. మెడ కొసరు" అన్నడు. బండాయన ఉప్పు బస్తాలు తెచ్చి ఊరి మొగదల దించి ఎడ్లను మలుపుకున్నడు. "ఊరిదాక అన్నవ్ సావుకారూ, ఇంటిదాక అన్లే." అంతల్నె వాన! బస్తాలకు బస్తాలు కరిగి మోరీల పోయినయనుకో. మరి ఆగయ్యకు బుద్ధొచ్చిందా? ఏడికెల్లి! తడుసుకుంట నిలబడి "వాడన్నది న్యాయమే. మాట నేనే సరిగ మాట్లాడుకోలే" అన్నడంట. అంత మొండి. ఆఖరికి ఊర్లె సల్ల గూడ అమ్ముడు వెట్టిండ్రు! సల్ల! పాడి ఉన్నోళ్లింటికి చెంబు పట్టుకపోతె ఎన్నడన్న ఎవ్వరన్న కాదన్నరా? పొయ్యిలకు నిప్పు తెచ్చుకుందామని పక్కింటికి పోతె నాకేమిస్తవ్ అన్నరంట. ఇప్పుడు చెప్తుంటె గూడ నాకు ఒళ్లు జలదరిస్తున్నది.

గిట్లుండంగ ఆగయ్య బిడ్డ సరోజన కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఒక్కతే బిడ్డ, పెండ్లైన ఏడేండ్లకు నిలిచిన కడుపు. నొప్పులు లేసినయి, మంత్రసాని లస్మవ్వను పిలిచిండ్రు. ఊర్లె సగంమంది ఆమె చేతులల్ల పుట్టినోళ్లే. ఆమె గడపల కాలు వెట్టంగనే ఆగయ్య అడ్డం నిలబడ్డడు. బస్తాలు కరిగినకాంచి ఏదైన ముందే మాట్లాడుకుంటున్నడు గద! "లస్మవ్వా, కాన్పు చేసుడు నీ వంతు. మానెడు బియ్యం, రైకముక్క నా వంతు. దాని మీద కొసరు లేదు. నీకు లేదు, నాకు లేదు. సరేనా?" లోపల పిల్ల మొత్తుకుంటున్నది, వీడు మాట్లాడుకుంటున్నడు! లస్మవ్వ "సరే తియ్, జరుగు" అని తోసుకొని లోపలికి పోయింది.

పొద్దు నడినెత్తికొచ్చినంక కాన్పైంది. మొగపిలగాడు. కాని ఏడుస్తలేడు. మొఖం నేరేడుపండు లెక్కయింది. అరుగు మీద ఆగయ్య చెవులు రిక్కిచ్చుకొని కూసున్నడు, ఏడ్పు ఇనొస్తలేదు. పెండ్లాం ఒక్కతే "లస్మవ్వా, ఏమన్న చెయ్యవే, నీ కాల్మొక్త" అని ఏడుస్తున్నది. లస్మవ్వ ఉలుకు లేదు, పలుకు లేదు. అప్పుడు ఆగయ్య ఏమనుకున్నడో ఎరుకేనా? కాన్పైపోయింది, అంటె లస్మవ్వ పనైపోయింది. ఊపిరి పోసుడు నేను మాట్లాడుకోలే, అది కొసరు కిందికొస్తది. అందుకే ముసల్ది పలుకుతలేదు, ధర పెంచుతున్నది అనుకున్నడు. నిజం! అట్లనే అనుకున్నడు!

తలుపుకాడికి ఉరికిండు. "లస్మవ్వా, బస్తెడు బియ్యమిస్త!" సప్పుడు లేదు. "నా చెల్క భూమి రాసిస్త!" సప్పుడు లేదు. "అవ్వా, ఎడ్లున్నయి, ఇల్లున్నది, నువ్వే అడుగే, ఏదంటె అది!" తలుపుకు నెత్తి కొట్టుకుంటున్నడు. వాకిట్ల జనం జమైండ్రు. ఆఖరికి "దుకాణం తీసుకోవే! దుకాణం నీది, నా మనుమణ్ణి బతికియ్యి!" అని మొత్తుకున్నడు. అప్పుడు, సరిగ అప్పుడే, లోపల పిలగాడు క్యారుమన్నడు. వాకిట్లున్నోళ్లు గుండెల మీద చేతులేసుకున్నరంట. అమ్మో లస్మవ్వ! దుకాణమంటె గని చెయ్యి కదపలే సూసినవా అనుకున్నరంట.

లస్మవ్వ బయటికొచ్చి మోరీకాడ ఉమ్మింది, నీళ్లు పుక్కిలిచ్చింది. ఆగయ్య తాళంచెవులు తెచ్చి ఆమె కాళ్లకాడ వెట్టిండు. "ఏందియ్యి?" "దుకాణానియి. మాటంటె మాటే అవ్వా, నువ్వే గెలిసినవ్." ఆమెకు సమజ్ కాలే. జనం దిక్కు సూసింది. గట్టయ్య తలకాయ కిందికేసుకొని అంత చెప్పిండు. లస్మవ్వ ఉన్నకాడనే కూలబడ్డది. "నేను బేరం చేస్తున్ననుకున్నవా? పసిగుడ్డు పానం పోతుంటె? ఓరి నీ నోట్ల మన్నుపొయ్య! వాని గొంతుల అడ్డంపడ్డదంత నోటితోని గుంజుతున్నరా! నా నోట్లె వాని ముక్కుంటె నీకేడికెల్లి జవాబియ్యాలె?" ఎంతమందిని తీసిందో, ఎంతమంది పోతుంటె సూసిందో, ఎన్నడు ఏడ్వని మనిషి అప్పుడేడ్చిందంట. "వీడంటె వీడు. మీరందరు గూడ అట్లనే అనుకున్నరా బిడ్డా?" అని ఒక్కొక్కల మొఖం సూసుకుంట అడిగింది. మానెడు బియ్యం, రైకముక్క తీసుకొని ఎల్లిపోయింది. తాళంచెవులు ఆడనే పడున్నయి.

కొసరు మళ్ల మొదలైందా అని అడుగుతరు మీరు. అయింది, తెల్లారినుంచే. ఆగయ్య రెండు చేతులతోని ఇస్తుంటె, అడిగేతందుకే ఎవ్వరికి నోరు రాలేదంట. ఈ కథ ఇన్నోళ్లందరు ఆగయ్యను తిడ్తరు. నేను తిట్ట. సావుకారన్నంక లాభం సూసుకోడా? నాకు దిమ్మ తిరిగేది ఆ వాకిట్ల నిలబడ్డోళ్లను తలుసుకుంటె. కొసరు బందై ఎన్నాళ్లైందని? ఒక్క వానకాలం గూడ ఎల్లలే. అంతలకే లస్మవ్వ గూడ అట్ల చేస్తదని ఎట్ల నమ్మిండ్రు తల్లీ! ఆడ నేనున్నా అట్లనే అనుకుందునేమో. ఛీ, నా మీద నాకే అసయ్యమైతది.