జపాన్‌ల కాలిన కోటు

వరికోత మిషన్ల మెకానిక్ వెంకట్రాములు జపాన్ పోయి వచ్చాడు. మిషన్లు అమ్మే కంపెనీ వాళ్ళు మంచి మెకానిక్కులను ఏరి, ఫ్యాక్టరీ చూపించడానికి తోలుకుపోయారు. అక్కడ చలి ఎక్కువని దోస్తు మోహసిన్ దగ్గర ఉన్ని కోటు అడుక్కుని పోయాడు. అది మామూలు కోటు కాదు. మోహసిన్ వాళ్ళ నాన్న అహ్మద్ చాచా తన నిఖాకు కుట్టించుకున్నది. మోహసిన్ కూడా తన నిఖాకు దాన్నే తొడుక్కున్నాడు. ఇప్పుడు చాచా లేడు. ఈ శుక్రవారం మోహసిన్ బిడ్డ మిస్బా నిఖా. ఆ రోజు తొడుక్కోవడానికి మోహసిన్‌కు కోటు కావాలి.

అందుకే ఆ పొద్దున అఖ్తరున్నీసా చాయ్ హోటల్ ముందు మోహసిన్ చెయ్యి చాపాడు. వెంకట్రాములు సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ మూతి విప్పలేదు. "ఇస్త భాయ్, ఎవరు వద్దన్నరు? గని ముందుగాల గీ కోటు ఆడ ఏం చేసిందో ఇనాలె" అన్నాడు. ఇక మాలో ఎవరమూ తొందరగా లేచేది లేదని అప్పుడే తెలిసిపోయింది. ఇంకో చాయ్ చెప్పుకున్నాం.

"మంచు మోకాళ్ళ దాంక ఉన్నది. అంతే, ఎక్కువ చెప్ప, నాకు కోతలు కొయ్యరావు. ఫ్యాక్టరీ చూసినంక కొండల నడుమ ఒక ఊరికి తోల్కపోయిండ్రు, గాడ నిప్పుల పండుగ. మనం పీర్ల పండుగకు అలావ గుంతల మంట పెడ్తం సూడు, కాముణ్ణి కాలవెడ్తం సూడు, గసొంటిదే గని నడి చలికాలంల. అసలు జపానోళ్ళు వాళ్ళ దేశాన్ని ఏమంటరో ఎరుకనా? నిప్పాన్. ఎందుకంటరు? నిప్పు, ఆన్! పేర్లనే ఉన్నది."

"గా సంగతి వాళ్ళకు ఎరుకనా?" అన్నాడు షేర్ ఆటో పరమేశ్.

"నేను చెప్పినంక ఎరుకైంది. నడుమల రాకు. గా ఊర్ల కట్టెలతోని పెద్ద గోపురం కడ్తరు. నలభై రెండేండ్లోళ్ళు దాని మీద కూసుంటరు. అది అచ్చిరాని వయసంట, నిప్పుల నడుమ కూసుంటే గండం పోతదంట. పోరగాళ్ళు కింద కావలి. ఇగ ఊరు ఊరంత కాగడాలు పట్టుకొని దాన్ని కాలవెట్టనీకె మీదికొస్తది. వీళ్ళు ఆపాలె. ఒకల్నొకలు నూక్కుంటరు, కొట్టుకుంటరు, ఆఖరుకు అందరు కలిసి వాళ్ళే అంటువెడ్తరు. మంచోళ్ళు."

"నువ్వు గూడ ఎక్కినవా ఏంది? నీకు యాభై దాటె గద" అన్నాడు పరమేశ్.

"గదే చెప్తున్న. ఒక ముసలాయన వచ్చి నా మొఖం చూసి ఏమో అడిగిండు. మనం మెదకోళ్ళం, ఏమడిగినా నోట్లకెల్లి హై అనే వస్తది. చాయ్ హై? హై. చిల్లర హై? హై. వాళ్ళ భాషల హై అంటే ఔ అనంట! నాకేం తెలుసు? నలభై రెండేండ్లా? హై. మీదికి ఎక్కుతవా? హై. కాలినా పర్వలేదా? హై. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను పట్టి గోపురం మీదికి ఎగేసిండ్రు. రెండంతస్తులుంటది. ఆడికెల్లి కిందికి చూస్తె మన మెదక్ చర్చి మీదికెల్లి చూసినట్టే ఉన్నది."

"ఇప్పుడే రెండంతస్తులంటివి?" అన్నాడు పరమేశ్.

"ఎక్కెటప్పుడు రెండే. మంటకు కింద మంచు కరిగి నేల దిగవడ్డది. జర అకల్ పెట్టి ఇను."

"రాములు, కోటు ఇయ్యి" అన్నాడు మోహసిన్.

"కోటు నా ఒంటి మీదనే ఉన్నది గద భాయ్ అప్పుడు! దాని కాడికే వస్తున్న. ఊరోళ్ళు కాగడాలు ఇసురుడు షురూ చేసిండ్రు. ఒకటి వస్తె చేత్తోని పట్టిన. రెండు వస్తె కాలితోని తన్నిన. ఇగ వానలెక్క వస్తుంటె అహ్మద్ చాచాను తలుసుకొని కోటు ఇప్పి ఒక్కసారి ఇట్ల దులిపిన. గా గాలికి కాగడాలన్ని ఆరిపోయి ఊరంత చీకటి. పొయ్యిలు ఆరినయ్. బీడీలు ఆరినయ్."

"జపాన్‌ల బీడీలా?" అన్నది అఖ్తరున్నీసా చాయ్ వడగడుతూ.

"నేను పట్కపోయిన, ఆపా. పంచిన. ఇగ పండుగ ఆగింది, ముసలోళ్ళు ఏడుస్తున్నరు. పాపమనిపించి నేనే అంటువెట్టిన. అది అట్లిట్ల మంట కాదు, మొగులుకు అంటింది. మొగుల్ల మంచు కరిగి ఉడుకు నీళ్ళ వాన! ఊరోళ్ళంత ఆడనే తానాలు చేసిండ్రు. ఆ నీళ్ళు ఏరై పారినయ్, పాపన్నపేట కాడ మంజీర వారినట్టు. మంట ఆగుత లేదు, అడివికి అంటుకునేతట్టున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీళ్ళల్ల దుంకినవ్" అన్నాడు పరమేశ్.

"నేనెవర్ని? మెకానిక్‌ను! పక్కపొంటి షెడ్ల వరికోత మిషన్ ఉన్నది. స్టార్ట్ చేసి సీదా మంటలకు తోలిన. వరి కోసినట్టు మంటల్ని కోసిన! ఎనకకెల్లి పొగ గడ్డిలెక్క పడ్తున్నది, నిప్పురవ్వలు గింజలోలె ట్యాంకుల నిండుతున్నయ్. నాలుగు మడులంత మంట, ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డు దాంక సాఫ్. గా రవ్వల్ని ఊరోళ్ళు డబ్బాలల్ల నింపుకపోయిండ్రు, ఇప్పటికీ వాటితోనే చలి కాగుతున్నరు. రైళ్ళు ఆపి జనం చూడొచ్చిండ్రు. వెంకట్రాములు సాన్, వెంకట్రాములు సాన్ అని ఒకటే మొత్తుకునుడు, సాన్ అంటే మన గారు అన్నట్టు. వచ్చే ఏడు గోపురం మీద నా బొమ్మ పెడ్తరంట."

పరమేశ్ నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. వెంకట్రాములు మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి మోహసిన్ వైపు తిరిగాడు.

"గని భాయ్, అన్ని రవ్వలు ట్యాంకుల పడ్డయ్, ఒక్కటి తప్పించుకున్నది. దొంగది. అది ఎగిరొచ్చి, ఇంగ యాడ జాగ లేనట్టు, చాచా కోటు మీదనే కూసున్నది. నేను పాణం అడ్డమేసిన. అయినా జర... ఇంతంత..."

మోహసిన్ సంచి లాక్కుని కోటు తీశాడు. వీపు మీద, కింది భాగంలో, మాడిన మచ్చ ఉంది. మేమంతా మెడలు చాచాం. ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు కొసగా, అంచులు గీత గీసినట్టు ఉంది.

అఖ్తరున్నీసా గిన్నె దించి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మచ్చ మీద వేలు తిప్పింది.

"భయ్యా, జపాన్‌ల నిప్పురవ్వలు ఇస్త్రీ పెట్టె లెక్కనే ఉంటయా?"

హోటలంతా గొల్లుమంది. వెంకట్రాములు తల దించుకున్నాడు. నేను ఆయన్ను అట్లా చూడడం అదే మొదలు. నవ్వుతున్న వాళ్ళం మెల్లగా ఆగిపోయాం.

"ముడతలు పడ్డదని..." అన్నాడు నేల చూస్తూ. "నిఖాకు తొడుక్కుంటవ్ గద, మంచిగ చేసి ఇద్దామనుకున్న. మా ఇంటామె దుర్గమ్మ వద్దనే అన్నది. నేనే ఇనలే."

మోహసిన్ ఆ మచ్చ మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకు కనబడింది. తర్వాత లేచి కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, మా వైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

"కనబడ్తుందా?"

"కనబడ్తున్నది" అన్నాడు పరమేశ్.

"అయితే శుక్రవారం పొద్దుగాల్నే రా, రాములు. నిఖా అయ్యేదాంక నా ఎనకనే నిలబడాలె. ఎవరన్న అడిగితే మొత్తం చెప్పాలె, మంటల్ని కోసిన కాడికెల్లి."

వెంకట్రాములు తలెత్తాడు. "మరి ఇస్త్రీ పెట్టె ముచ్చట?"

"సంపుత" అన్నాడు మోహసిన్. "మా అబ్బా కోటు ఇస్త్రీ పెట్టె కింద కాలిందని నా నోటితోని చెప్పుకుంటనారా? అది జపాన్‌ల కాలింది."