అక్క ఇంటికి ఒక్క ఫోటో

కోతకి ముందు కొలత ఉండాలి. నేను దర్జీని, ఈ మాట నాకెవరూ చెప్పక్కర్లేదు. మా పక్క టీ కొట్టు అక్క తమ్ముడు మాత్రం బుద్ధెరిగాక ఏ కోతకీ కొలత తీసుకున్న పాపాన పోలేదు.

ఊళ్ళమ్మట తిరుగుతూ పాత కోటలూ, మేడలూ, పల్లెల్లో అరుగులూ, పట్నాల్లో వీధులూ ఫోటోలు తీసి క్యాలెండర్లు వేసేవాళ్ళకి అమ్ముకోవడం ఆయన పని. అందరం ఫోటోలాయన అనే పిలుస్తాం. ఏడాదికోసారి అక్కని చూడ్డానికి వస్తాడు. వచ్చినన్నాళ్ళూ టీ కొట్టు బల్ల ఖాళీగా ఉండదు, మా చెవులూ ఖాళీగా ఉండవు.

ఆసారి మాత్రం అక్కే పిలిపించింది. మర్నాడు పొద్దున్న మా మేడ పడగొడుతున్నారు, రోడ్డు వెడల్పు చెయ్యాలిట. కింద మూడు కొట్లు: అక్కా బావలది టీ కొట్టు, మధ్యలో నా కుట్టు మిషను, చివర వాచీల తాత అద్దాల పెట్టె. పైన అక్కావాళ్ళ కాపురం. పడగొట్టే బండి అప్పుడే వచ్చి వీధి మలుపులో తిష్ట వేసింది. సామానంతా మూటలు కట్టేశారు, పొయ్యీ గ్లాసులూ తప్ప. ఆమె ఊరందరికీ అక్క, ఆ లెక్కన వాళ్ళాయన ఊరందరికీ బావ. అక్క అడిగింది ఒకటే. పై కిటికీ పడేట్టుగా మేడకి ఒక్క ఫోటో. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆవిడ లోకాన్ని చూసింది ఆ కిటికీలోంచే. వాళ్ళమ్మ మంచాన పడ్డాక ఆఖరి రోజులన్నీ గడిపింది కూడా అక్కడే.

అప్పట్లో మా వీధి మొత్తానికి కెమెరా అంటే ఫోటోలాయన మెళ్ళో వేలాడేదొక్కటే. మధ్యాహ్నం మా అందర్నీ మేడ ముందు నిలబెట్టి, వాగుతూ వాగుతూనే ఫోటో తీశాడు. సాయంత్రం బస్సుకి పట్నం వెళ్ళి కడిగించి పంపిస్తానన్నాడు. బస్సుకింకా టైముంది. బావ ఆ పొయ్యి మీద ఆఖరి టీ పెట్టాడు. ఎవరి నోటా మాట రావట్లేదు. ఫోటోలాయన అలాంటి నిశ్శబ్దాన్ని భరించలేడు.

"మీ మొహాలు చూస్తే నాకో కోట గుర్తొస్తోంది," అన్నాడు గ్లాసు అందుకుంటూ. "చెప్పుకోవాల్సినంత గొప్పేం కాదు, నేను చెప్పుకునే రకమూ కాదు, అది మీకు తెలుసు. ఏదో పాత కోట, దారిలో కనిపించింది, ఫోటో తీశాను, అంతే. కాకపోతే అది కెమెరాలో పట్టలేదు."

"పట్టకపోతే?" అన్నాడు వాచీల తాత.

"పట్టకపోతే ఏం చేస్తాం తాతా, వెనక్కి జరుగుతాం. కెమెరా కంటికి ఆనించుకుని ఓ అడుగు వెనక్కేశాను, గుమ్మం పట్టింది. ఇంకాస్త జరిగాను, బురుజు పట్టింది, ఒక్కటే. ఇలా కాదని, కన్ను తియ్యకుండా నడక మొదలెట్టాను. నడవగా నడవగా వెనకాల ఊరొచ్చింది. నేను చూడందే, నాకేం తెలుసు! ఎవరిదో వీధి గుమ్మంలోంచి వెళ్ళి పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చాను. ఆ ఇల్లాలు మంచిది, ఎవరు నాయనా అనలేదు, దాహంగా ఉందా అంది. నీళ్ళు తాగాను. కన్ను తీశాననుకున్నారా? తియ్యలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏరు."

"పడ్డావా?" అన్నాడు బావ ఆశగా.

"నేనెందుకు పడతాను బావా, పడవ ఉందిగా. ఆ పడవవాడు నన్ను ఎగాదిగా చూసి, అయ్యా, మీరు అవతలికి వెళ్తున్నారా, అవతల్నించి వస్తున్నారా అన్నాడు. నాకు మటుకేం తెలుసు, నీకెలా కనిపిస్తే అలా అన్నాను. వాడు కాసేపు బుర్ర గోక్కుని, ఏదీ తేల్చుకోలేక ఊరికే దాటించేశాడు. ఒడ్డెక్కి చూద్దును కదా, అప్పటికీ కోట సగమే పట్టింది! ఓ కొండెక్కాను. ఆ కొండ దిగి ఇంకోటి ఎక్కాను. కొండలెక్కడం అందరూ ఎక్కుతారు, వీపుతో ఎక్కినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. నమ్మకపోతే ఇదిగో, చెప్పుల ముందు భాగం ఎలా అరిగిందో చూడండి!"

కాలెత్తి చూపించాడు. అరిగిన మాట నిజమే, అన్ని వైపులా అరిగింది.

"సరే, మూడో కొండ మీదకి చేరేసరికి కోట మొత్తం పట్టింది. నొక్కబోతున్నాను. చూస్తే, అక్కడ గుమ్మం దగ్గర కాపలావాడు నోరు తెరిచాడు, ఆవలింత! అంత కోటకీ ఆ ఆవలింతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా? ఇక్కణ్ణించే ఒక్క కేక పెట్టాను, ఓరేయ్, ఆపరా అని. ఆ కేక కొండలు దిగి, ఏరు దాటి, ఆ ఇల్లాలి పెరట్లోంచి వీధిలోకొచ్చి, వాడి చెవిలో పడేదాకా ఆగాను. ఆపాడు. నొక్కాను. పాపం, ఆ రోజు నుంచీ వాడికి ఆవలింత రావట్లేదుట. ఏదైనా మందుంటే చెప్పండని వాళ్ళావిడ మొన్ననే కబురంపింది."

"నిన్ను ఓ పూట వాళ్ళింట్లో కూర్చోబెడితే సరి," అన్నాడు బావ. "ఆవలింతలు వాటంతటవే వస్తాయి."

నాకు నవ్వొచ్చింది. అక్క మాత్రం నవ్వలేదు. తమ్ముడి మాట ఏదైనా ఆవిడకి వేదం. చిన్నప్పుడు చందమామకి బెల్లం పెట్టొచ్చానని ఆయన చెబితే, రేపు నాకూ కాస్త దాచిపెట్టు తమ్ముడూ అని అడిగిన మనిషి ఆవిడ. ఈ సంగతి బావ మాకు వారానికోసారైనా చెబుతాడు.

"కోటలదేముంది, అవి కదలవు," అని అందుకున్నాడు ఫోటోలాయన. "పట్నంలో వీధి తియ్యమనండి, అప్పుడు తెలుస్తుంది ఎవడి పస ఎంతో. ఓ పెద్ద కూడలి, ఆఫీసులు విడిచే వేళ. బస్సులూ, సైకిళ్ళూ, తోపుడు బళ్ళూ, అన్నీ కలగాపులగం. ఎలా నొక్కినా అలుక్కుపోతుంది. నాకు చిర్రెత్తుకొచ్చి, కదలకండి అన్నాను. అరవలేదు తాతా, ఇదిగో, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నట్టే అన్నాను. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు! బస్సు దిగేవాడి కాలు గాల్లో ఆగింది. మేడ మీంచి ఎవరో ఒలకబోసిన నీళ్ళు సగం దూరం వచ్చి ఆగాయి. స్తంభం దగ్గరో కుక్క, అది ఏ పనిలో ఉందో మీకు వేరే చెప్పాలా, అదీ ఆగింది!"

"కూడలిలో గడియారం ఉందా?" అన్నాడు తాత.

"ఉంది. ఆగింది! బాగుచేసేవాళ్ళు నిచ్చెన వేసుకుని ఎక్కి విప్పి చూస్తే, లోపలి చక్రాల్లో ఒక్క పన్ను కూడా అరగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఫోటో తీసుకుని నా దారిన నేను పోయాను. రెండు వీధులు దాటాక ఏదో మర్చిపోయానే అనిపించింది. సరే, ఇక కదలండి అని చెప్పనేలేదు! పరుగెత్తుకుంటూ వెనక్కొచ్చి చెప్పాను. ఆ కుక్క నా వంక చూసిన చూపుందే, జన్మలో మర్చిపోలేను."

తాతకి పొలమారింది. బావ వీపు తట్టాడు. అందరి మొహాల్లోకీ కాస్త కళ వచ్చింది. అది చూసి ఫోటోలాయన ఇంకో మెట్టెక్కాడు, ఆయనకి దిగడం ఎటూ రాదు.

"ఇవన్నీ ఒకెత్తు, ఆ ఒరిగిపోయిన ఇల్లు ఒకెత్తు. ఓ పల్లెలో సందు చివర, పాతకాలం మట్టిమిద్దె. నేను కెమెరా ఎత్తేసరికి గోడ పెళపెళమంటూ ఒరుగుతోంది. లోపల మనుషులున్నారు! ఏం చెయ్యను? ఒక్క నిమిషం, కదలకు అన్నాను ఇంటితో. ఫోటోకి నిలబడ్డ మనిషి ఊపిరి బిగబట్టినట్టు ఆ ఇల్లు ఊపిరి బిగబట్టింది. నాకు సంగతి అర్థమైపోయింది. నేను నొక్కానా, అది ఊపిరి వదిలేస్తుంది. అందుకని నొక్కలేదు. వాళ్ళు సామానంతా బయట పెట్టుకున్నారు. నేను నొక్కలేదు. ఇల్లు పడట్లేదు కదా అని మళ్ళీ లోపల పెట్టుకున్నారు. నేను నొక్కలేదు. ఆ ఇంట్లో పెళ్ళయింది, కోడలొచ్చింది, పిల్లాడు పుట్టాడు, ఆ పిల్లాడు తప్పటడుగులేసుకుంటూ వచ్చి నాకు టీ గ్లాసు అందించాడు. నేను కెమెరా దించితే ఒట్టు!"

"చెయ్యి నొప్పెట్టలేదూ?" అన్నాన్నేను, ఉండబట్టలేక.

"ఎందుకు పెట్టదు, మనిషినేగా. రెండో చేతికి మార్చుకున్నాను. చివరికి వాళ్ళు దూలాలు తెప్పించి గోడ నిలబెట్టుకున్నాక అప్పుడు నొక్కాను. ఈరోజుకీ ఆ ఇల్లు నిక్షేపంలా ఉంది."

అక్క గ్లాసులు కడుగుతోంది. చేతులు నీళ్ళలో ఉండగానే తలెత్తి, "అయితే తమ్ముడూ," అంది, "మన మేడకి కూడా అలా పట్టుకుని నిలబడకూడదూ? నీకు వేళకి అన్నం, టీ, అన్నీ నేను అక్కడికే తెచ్చిపెడతాను."

ఆవిడ వేళాకోళానికి అనలేదు. పొయ్యి మీద టీ పొంగి గిన్నె అంచులమ్మట కారింది, బావ చూసుకోలేదు. ఫోటోలాయన నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఆయన నోరు మాట లేకుండా మూతపడ్డం నేను చూడ్డం అదే మొదలు. కానీ ఎంతసేపు? అక్క కళ్ళలో నీళ్ళు కనిపించేసరికి ఆయన ఆగలేకపోయాడు.

"నిలబెట్టడం దేనికక్కా, మేడ మొత్తం ఇందులోకి వచ్చేశాక!" అని కెమెరా మీద చరిచాడు. "పైపైన అనుకుంటున్నావా? నా కెమెరాకి గోడలడ్డమా! మొన్నో పాత లోగిలి వీధిలోంచే తీశాను, తలుపులకి తాళం. కడిగించి చూస్తే లోపలున్నవన్నీ పడ్డాయి. వంటింట్లో అటక, అటక మీద జాడీలు, ఇనప్పెట్టెలో నగలు! అంతెందుకు, పడమటి గదిలో పడక్కుర్చీ, ఆ కుర్చీలో పెద్దాయన. ఆ ఇంటివాళ్ళు చూసి బావురుమన్నారు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో! అలా ఉంటుంది మన పని. నీ ఫోటో రానీ, చూద్దువుగాని. గోడ మీద పిల్లల ఎత్తు గీసిన గీతలు పడతాయి. నీ పోపులపెట్టె పడుతుంది. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని జడ అల్లుకుంటూ అమ్మ పడుతుంది. గోడా, తలుపూ, పెట్టె మూతా, నా కెమెరాకి ఏదీ లెక్కలేదు!"

అక్క చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మొహం వెలిగిపోయింది.

"అదా సంగతి!" అంది. "అందుకేనన్నమాట, మధ్యాహ్నం దాని మూత తియ్యకుండానే నొక్కావు. నేను చూశాను. తమ్ముడూ, మూత ఉండిపోయింది అందామనుకున్నాను కూడా. మళ్ళీ, అన్ని కోటలు తీసినవాడికి నేనా చెప్పేది అని ఊరుకున్నాను."

ఫోటోలాయన కెమెరా వంక చూసుకున్నాడు. నల్లటి మూత, ఇంకా దాని మీదే ఉంది.

ఆ కెమెరాలో చూసే కన్నం వేరు, బొమ్మ పట్టే అద్దం వేరు. అద్దానికి మూత ఉన్నా కన్నంలోంచి చూసేవాడికి అంతా చక్కగానే కనిపిస్తుంది. నోరు ఊరుకుంటే చెయ్యి మూత తీసేదే, కానీ ఆ మధ్యాహ్నం ఆయన నోరు ఊరుకోలేదు.

"మూత నేనూ చూశాను," అన్నాడు తాత మెల్లిగా. "తమరి పద్ధతి అదేమో అనుకున్నా."

"నేనూ చూశా," అన్నాడు బావ. "అడిగితే దాని మీద ఇంకో కథ చెబుతావని భయపడ్డా." అని పకపకా నవ్వబోయాడు. అంతలో మలుపులో ఉన్న బండి మీదా, పెళ్ళాం మొహం మీదా చూపు పడి, నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఫోటోలాయన తేలు కుట్టిన దొంగలా బిక్కచచ్చిపోయాడు. బయట ఎండ దిగిపోతోంది. కింద కొట్లన్నీ నీడలో ఉన్నాయి, ఒక్క పై కిటికీ మీదే కాస్త వెలుగు మిగిలింది. ఆయన గ్లాసు బల్ల మీద పడేసి వీధిలోకి ఉరికాడు. ఎదురింటి అరుగెక్కాడు, వెలుగు చాల్లేదేమో దిగాడు, పక్క మెట్లెక్కాడు. "రండి, రండి, అందరూ రండి, వెలుగు పోతోంది!" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. మేం పరుగున వెళ్ళి నిలబడ్డాం. అక్క తడి చేతులు తుడుచుకుంటూ కిటికీ కిందకి వచ్చింది.

"బావా, మూత తీశానా చూడు."

"తీశావు."

"దర్జీ, నువ్వు చెప్పు."

"తీశారండీ."

నొక్కాడు. పళ్ళు బిగించి ఇంకోటి నొక్కాడు. తర్వాత అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. కిటికీ మీద వెలుగు కూడా పోయింది.

అక్క దగ్గరికెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "మూత తీసి తీస్తే కూడా అమ్మ పడుతుందా తమ్ముడూ?"

ఆయన చేతిలో ఉన్న మూత కెమెరాకి బిగించాడు. "పడదక్కా," అన్నాడు. "మూత తీసినా పడదు, పెట్టినా పడదు. మేడ వస్తుంది, కిటికీ వస్తుంది, నువ్వొస్తావు. నా కెమెరాకి అంతే వచ్చు."

అక్క ఆయన తల నిమిరింది.

"ఊరుకో," అంది. "చిన్నప్పట్నించీ నీకు అణకువ ఎక్కువ."